గంగవరం రేవులో ఒక వాటా: 120 రూపాయల లెక్క

శ్రీకాకుళం జిల్లా మూలపేట ఒడ్డున పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి, భావనపాడు వెళ్ళినప్పుడల్లా నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "ఆ పోర్టులో మనలాంటోళ్ళం షేర్లు కొనొచ్చా బాబూ?" సూటిగా చెప్పాలంటే కొనలేం. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఈ రేవును కట్టిస్తున్నది రాష్ట్ర ప్రభుత్వం. అందుకోసం భావనపాడు పోర్టు డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీని పెట్టింది. దాని వాటాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, బజారులో దొరకవు. అందుచేత ఎవరైనా మీ వీధికొచ్చి, పోర్టు షేర్లు ఇప్పిస్తాం, అడ్వాన్సు కట్టండి అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అయితే ఆ ప్రశ్న వెనకున్న ఆలోచన మంచిది. మన ఇసుక మీద లేస్తున్న వ్యాపారంలో మనకూ ఒక పాలు ఉంటే బాగుణ్ణనుకోవడం సహజం. ఈ పోర్టులో కాకపోయినా ఇంకో కంపెనీలో రేపు మీ పిల్లలు షేర్లు కొంటారు. కొందరు ఇప్పటికే ఫోన్లలో కొంటున్నారు. షేరంటే ఏమిటో, దానికి ధర ఎలా కడతారో తెలియకుండా కొంటున్నవాళ్ళే ఎక్కువమంది. నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. విశాఖ దాటగానే వచ్చే గంగవరం పోర్టు వాటాలు 2021లో చేతులు మారాయి. ఆ బేరం అంకెలన్నీ బయటికొచ్చాయి. కొత్తవాళ్ళకు చెప్పడానికి అంతకన్నా తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు వాటా సంగతి. వేట నుంచి బోటు వచ్చింది, చేపలు వేలం పాడారు. వచ్చిన డబ్బులోంచి మొదట డీజిలు, ఐసు, తిండి సరుకుల ఖర్చు తీసేస్తారు. మిగిలిన దాన్నే పాళ్ళు వేస్తారు: బోటుకింత, వలకింత, సరంగుకింత, కలాసీలకింత. కంపెనీ కూడా పెట్టుబడి పెట్టినవాళ్ళంతా కలిసి కొన్న బోటులాంటిదే. దాన్ని సమానమైన చిన్న చిన్న ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక షేరు. గంగవరం పోర్టు కంపెనీని అలా 51 కోట్ల 70 లక్షల షేర్లుగా విడగొట్టారు.

అంత పెద్ద అంకె మనసుకు అందదు కాబట్టి వెయ్యి కొబ్బరికాయల రాశి అనుకుందాం. 2021 మొదట్లో ఆ రాశిలో 581 కాయలు పోర్టు కట్టిన డి.వి.ఎస్. రాజు కుటుంబానివి. 315 కాయలు వార్‌బర్గ్ పింకస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థవి. 104 కాయలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. శాతాల్లో చెబితే 58.1, 31.5, 10.4. కంపెనీల్లో ఓటు మనిషికొకటి కాదు, షేరుకొకటి. సగానికి మించి కాయలున్నవాళ్ళ మాటే మామూలు తీర్మానాల్లో నెగ్గుతుంది. కంపెనీ నిబంధనలు మార్చడంలాంటి పెద్ద విషయాలకు మాత్రం పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు కావాలి.

"మరి బోటు మునిగితే అప్పులోళ్ళు నా ఇంటికొస్తారు కదా, కంపెనీ మునిగినా అంతేనా?" అంతే కాదు. కంపెనీ పేరు చివర ఉండే లిమిటెడ్ అన్న మాటకు అర్థం ఇక్కడే ఉంది. మీరు షేరుకు పెట్టిన డబ్బు పోవచ్చు, మొత్తం పోవచ్చు. కానీ కంపెనీ బాకీ కోసం మీ ఇల్లూ పొలమూ ఎవరూ అడగలేరు. ముఖం తెలియని వేలమంది ఒకే వ్యాపారంలో డబ్బు పెట్టగలుగుతున్నది ఈ ఒక్క హామీ వల్లే.

ఇక ధర. 2021 మార్చిలో అదానీ పోర్ట్స్ కంపెనీ ముందుగా వార్‌బర్గ్ పింకస్ వాటా కొంది. షేరుకు 120 రూపాయలు, మొత్తం 1,954 కోట్లు. ఈ 120 ఎక్కణ్ణుంచి వచ్చింది? గాల్లోంచి రాలేదు. పోర్టు ఏటా ఎంత సంపాదిస్తోందో చూసి, దాన్నిబట్టి బేరమాడారు. ఆ సంపాదన కూడా బోటు లెక్క వరసలోనే నడుస్తుంది.

2019-20 ఆర్థిక సంవత్సరంలో గంగవరం పోర్టు 3 కోట్ల 45 లక్షల టన్నుల సరుకు దింపింది, ఎక్కించింది. దానికి వచ్చిన రాబడి 1,082 కోట్లు. రాబడి అంటే వేలంలో పలికిన మొత్తం, ఇంకా ఖర్చులు తీయలేదన్నమాట. జీతాలు, కరెంటు, డీజిలు, మరమ్మతులు పోగా 634 కోట్లు మిగిలాయి. దీన్ని నిర్వహణ లాభం అంటారు. తర్వాత అరుగుదల, వడ్డీ, పన్నులాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక నికరంగా నిలిచింది 516 కోట్లు. పాళ్ళు వేసుకోవడానికి వచ్చేది ఈ చివరి అంకె ఒక్కటే. అరుగుదల అన్నది కొత్త మాటేమీ కాదు. ఇంజన్ పదేళ్ళకు పోతుందని తెలిసినవాడు ఏటా ఒక పదోవంతు ఖరీదును పక్కన రాసుకుంటాడు. కంపెనీ కూడా క్రేన్లకూ బెర్తులకూ అలాగే రాసుకుంటుంది.

కోట్లు పక్కనపెట్టి బస్తా లెక్కకు వద్దాం. టన్నుకు పోర్టుకు ముట్టింది సుమారు 314 రూపాయలు. అంటే 50 కిలోల బస్తా బొగ్గు ఓడ దిగితే 16 రూపాయల లోపు. అందులో ఖర్చులన్నీ పోయి యజమానులకు మిగిలింది ఏడున్నర రూపాయలు. వ్యాపారం చేసినవాళ్ళెవరికైనా ఇక్కడ కళ్ళు పెద్దవవుతాయి. రాబడిలో దాదాపు సగం నికర లాభంగా మిగలడం మామూలు విషయం కాదు. కిరాణా కొట్టులో అలా జరగదు, రొయ్యల చెరువులో ఏటా జరగదు. లోతైన నీళ్ళున్న రేవు ఇంకొకటి సులువుగా పుట్టదు కాబట్టే పోర్టు వ్యాపారానికి ఆ బలం.

ఇప్పుడు 516 కోట్ల లాభాన్ని 51.7 కోట్ల షేర్లకు పంచండి. ఒక్కో షేరు పాలికి వచ్చేది దాదాపు 10 రూపాయలు. పేపర్లలో ఇ.పి.ఎస్. అని రాసేది దీన్నే, షేరొక్కింటికి పడిన లాభం. ఏటా 10 రూపాయలు సంపాదించే ముక్కకు 120 ఇచ్చారంటే 12 రెట్లు ఇచ్చినట్టు. ఈ 12నే పి.ఇ. నిష్పత్తి అంటారు. లాభం పెరగకుండా, తగ్గకుండా ఇలాగే ఉంటే పెట్టిన డబ్బు 12 ఏళ్ళలో తిరిగొస్తుందని దాని అర్థం. షేర్ల గురించి ఒక్క లెక్క మాత్రమే గుర్తుంచుకోగలిగితే ఈ లెక్క గుర్తుంచుకోండి. 120 రూపాయల షేరు చవక, 3,000 రూపాయల షేరు ఖరీదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 3,000 రూపాయల షేరు ఏటా 300 సంపాదిస్తుంటే దాని పి.ఇ. 10, మన గంగవరం షేరు కంటే అదే చవక. ఏటా పావలా సంపాదించే షేరు 20 రూపాయలకే దొరికినా దాని పి.ఇ. 80.

"పన్నెండేళ్ళు ఆగాలంటే బ్యాంకులో వేసుకోవడమే నయం కదా?" న్యాయమైన సందేహం. 120 రూపాయల మీద 10 అంటే నూటికి 8 రూపాయల 30 పైసలు. అదే సమయంలో బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 5 శాతం పైచిలుకు వచ్చేది. ఆ మూడు రూపాయల తేడా ఊరికే ఇచ్చింది కాదు, భయానికి ఇచ్చిన పరిహారం. బ్యాంకు డబ్బుకు 5 లక్షల దాకా బీమా ఉంది. షేరుకు ఏ బీమా లేదు. పోర్టుకు సరుకు తగ్గితే 10 కాస్తా 6 అవుతుంది, పెరిగితే 15 అవుతుంది. కొన్నవాళ్ళు పెరుగుతుందని నమ్మారు. ఆ ఏడాది నడిచిన 3.45 కోట్ల టన్నులు, పోర్టు సామర్థ్యమైన 6.4 కోట్ల టన్నుల్లో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఖాళీగా ఉన్న ఆ సగమే వాళ్ళ ఆశ.

"లాభం 10 రూపాయలంటున్నావు, మరి ఏటా 10 చేతికొస్తుందా?" రాదు, కనీసం మొత్తం రాదు. లాభంలో ఎంత పంచాలో డైరెక్టర్లు ప్రతిపాదిస్తారు, షేరుదారులు ఆమోదిస్తారు. పంచిన భాగం పేరు డివిడెండు. మిగిలింది కంపెనీలోనే ఉంటుంది. దానితో కొత్త బెర్తు కట్టొచ్చు, అప్పు తీర్చొచ్చు, బ్యాంకులో ఉంచొచ్చు. గంగవరం పోర్టు దగ్గర బేరం నాటికి 500 కోట్లకు పైగా నగదు ఉంది, అప్పు లేదు. షేరుకు పంచి చూస్తే దాదాపు పది రూపాయలు. అంటే 120 ఇచ్చి కొన్నవాడికి గల్లాపెట్టెలో పది రూపాయలు ముందే ఉన్నాయి, అసలు వ్యాపారానికి ఇచ్చింది 110 అన్నమాట. బోటు కొనేటప్పుడు దాంట్లో ఎంత డీజిలుందో, దాని మీద ఎంత బాకీ ఉందో చూసుకోమా? అలాగే ఇదీ.

ఇంకో సందేహం తప్పక వస్తుంది. ఆ 1,954 కోట్లు పోర్టు కట్టడానికి ఉపయోగపడ్డాయా? పైసా కూడా పోర్టుకు వెళ్ళలేదు. పాత వాటాదారు చేతికి వెళ్ళాయి. మీరు ఒకరి దగ్గర పాత బైకు కొంటే ఆ డబ్బు బైకు తయారుచేసిన కంపెనీకి వెళ్తుందా? రోజూ టీవీలో స్టాక్ మార్కెట్ అని చూపించేదంతా ఇలాంటి చేతిమార్పిడే. కంపెనీకి డబ్బు అందేది, అది కొత్త షేర్లు పుట్టించి అమ్మినప్పుడు. మొదటిసారి జనానికి అమ్మితే దాన్ని ఐ.పి.ఓ. అంటారు. అందులోనూ పాత యజమానులు తమ వాటా అమ్ముకునే భాగం కలిసి ఉండొచ్చు. దరఖాస్తు పెట్టే ముందు ఎంత కంపెనీకి వెళ్తుంది, ఎంత పాతవాళ్ళ జేబులోకి వెళ్తుంది అన్నది ప్రాస్పెక్టస్‌లో, అంటే కంపెనీ తన సంగతులన్నీ రాసిచ్చే పుస్తకంలో, మొదటి పేజీల్లోనే ఉంటుంది, చూసుకోండి.

ప్రభుత్వం కూడా తన 104 కాయలూ అదే 120 ధరకు అమ్మేసింది. వచ్చింది 644.78 కోట్లు. ఇది మంచి బేరమా కాదా అని అప్పట్లో వాదన నడిచింది. లెక్క ఇదీ: 516 కోట్ల లాభంలో 10.4 శాతమంటే ఏడాదికి దాదాపు 54 కోట్లు. ఏటా 54 కోట్ల పాలు వదులుకుని ఒకేసారి 645 కోట్లు తీసుకున్నారు. ఒక్కసారిగా వచ్చే డబ్బు అవసరాలకు పనికొస్తుంది, నిజమే. కానీ ఖాళీగా ఉన్న సగం సామర్థ్యం రేపు నిండితే ఆ 54 కూడా పెరుగుతుంది. కొబ్బరి చెట్టును అమ్మేటప్పుడు ఈ ఏటి కాపు ఒక్కటే చూడరు కదా. నా మట్టుకు నేను, అంత నిలకడగా కాసే చెట్టును అమ్ముకునే ముందు ఇంకొన్నేళ్ళు ఆగేవాణ్ణి.

పెద్ద వాటాదారు అయిన రాజు కుటుంబానికి మాత్రం నగదు ఇవ్వలేదు. వెయ్యి గంగవరం షేర్లకు 159 అదానీ పోర్ట్స్ షేర్లు ఇచ్చారు. 120 చొప్పున వెయ్యి షేర్లంటే 1,20,000. దాన్ని 159తో భాగిస్తే ఒక్కో అదానీ పోర్ట్స్ షేరును సుమారు 755 రూపాయలుగా లెక్కగట్టినట్టు. పాత మగ్గాన్నిచ్చి ఆవును తెచ్చుకున్నట్టు వస్తువుకు వస్తువు మార్పిడి. తేడా ఏమిటంటే గంగవరం షేరు బజారులో దొరికేది కాదు, అదానీ పోర్ట్స్ షేరు రోజూ బజారులో అమ్ముడయ్యేది. దీన్నే లిస్టెడ్ కంపెనీ అంటారు.

రోజూ అమ్ముడయ్యే షేరుకు రోజూ ధర మారుతుంది. ఈ మార్పిడి 2022లో పూర్తయింది. 2023 జనవరి 24న హిండెన్‌బర్గ్ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ అదానీ గ్రూపు మీద తీవ్రమైన ఆరోపణలతో నివేదిక విడుదల చేసింది. గ్రూపు వాటిని ఖండించింది. ఆ రోజు 760 దగ్గరున్న అదానీ పోర్ట్స్ షేరు ఫిబ్రవరి 3న ఒక దశలో 400 కిందికి పడింది. 159 షేర్ల విలువ 1,20,000 నుంచి 63 వేల దగ్గరికి. పది రోజుల్లో సగం. ఆ పది రోజులూ గంగవరంలో ఓడలు వస్తూనే ఉన్నాయి, క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏడాది తిరిగి 2024 జనవరి వచ్చేసరికి అదే షేరు 1,000 దాటి ఉంది. అప్పుడా 159 షేర్లు లక్షా 59 వేలకు పైమాటే. పడ్డ ప్రతి షేరూ లేస్తుందని దీని అర్థం కాదు. అప్పు తెచ్చి కొన్నవాడు, ఫిబ్రవరిలో కూతురి పెళ్ళి పెట్టుకున్నవాడు ఆ సగం ధరకే అమ్ముకోవాల్సి వచ్చి ఉండేది. డబ్బు అవసరం లేనివాడు ఆగగలిగాడు. షేర్లలో పెట్టాల్సింది కనీసం ఐదారేళ్ళు ముట్టుకోనక్కర్లేని డబ్బే అని పెద్దలు చెప్పేది ఇందుకే.

అప్పు మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. కంపెనీ ఆర్థికంలో సగం కథ అప్పుదే. లెక్క తేలిగ్గా ఉండటానికి వలలూ ఇంజనూ కలిపి ఒక ఫైబరు తెప్ప 8 లక్షలనుకుందాం. ఖర్చులన్నీ పోగా ఏడాదికి 1,60,000 మిగులుతుంది. మొత్తం సొంత డబ్బే పెడితే నూటికి 20 వచ్చినట్టు. అదే 2 లక్షలు సొంతం, 6 లక్షలు 12 శాతం వడ్డీకి తెచ్చారనుకోండి. వడ్డీ 72,000 పోగా 88,000 మిగులుతుంది. పెట్టింది 2 లక్షలే కాబట్టి నూటికి 44. అప్పుతో లాభం రెట్టింపయింది. అందుకే కంపెనీలు అప్పంటే మక్కువ చూపిస్తాయి.

ఇప్పుడు వేట సరిగ్గా పడని ఏడాది చూద్దాం. మిగిలింది 40,000 మాత్రమే. సొంత డబ్బు పెట్టినవాడికి నూటికి 5 అయినా వచ్చింది, కడుపు నిండకపోయినా నష్టం లేదు. అప్పు తెచ్చినవాడు 72,000 వడ్డీ కట్టాలి, 32,000 చేతినుంచి పోయింది. తన 2 లక్షల్లో ఆరోవంతు ఒక్క ఏట కరిగింది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ 61 రోజుల వడ్డీ ఒక్కటే 12 వేలు దాటుతుంది. తెప్ప ఒడ్డున ఉన్నా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కంపెనీ లెక్కల్లో అప్పు చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: చెడ్డ ఏడాదిలో కూడా వడ్డీ కట్టేంత నిర్వహణ లాభం వస్తుందా? గంగవరం వైపు ఈ ప్రశ్నే రాలేదు, అప్పు లేదు కాబట్టి.

కంపెనీ దివాలా తీస్తే ఎవరికి ముందు ఇస్తారన్న వరస 2016 నాటి దివాలా చట్టంలో ఉంది. దివాలా ప్రక్రియ ఖర్చులు మొదట. తర్వాత కార్మికుల రెండేళ్ళ బకాయిలు, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్ళు ఒకే వరసలో. ఆ తర్వాత మిగతా ఉద్యోగులు, మిగతా అప్పులవాళ్ళు, ప్రభుత్వ బకాయిలు. అందరూ అయ్యాక, ఏమైనా మిగిలితే సామాన్య షేరుదారు. సాధారణంగా ఏమీ మిగలదు. లాభమొస్తే మిగిలిందంతా తనది, నష్టమొస్తే వరసలో చివరివాడు తనే.

ఈ తూకంతో మన మూలపేట రేవును ఒకసారి తూచి చూద్దాం. ఇది జోస్యం కాదు, లెక్క చేతికి అలవాటు కావడానికి చేసే అభ్యాసం. మొదట ప్రకటించిన ఖర్చు 4,362 కోట్లు, నాలుగు బెర్తులు, ఏడాదికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యం. గంగవరంలో టన్నుకు నిర్వహణ లాభం 184 రూపాయలు. ఇక్కడా అంతే వస్తే, రేవు పూర్తిగా నిండితే, ఏడాదికి 432 కోట్లు. పెట్టినదాని మీద నూటికి పది రూపాయల లోపు. గంగవరంలాగే సగం పైచిలుకు మాత్రమే నిండితే 233 కోట్లు, నూటికి దాదాపు 5 రూపాయల 35 పైసలు.

దీన్ని ఇంటి లెక్క చేస్తే ఇలా ఉంటుంది. లక్ష రూపాయలతో కొట్టు పెట్టారు, అందులో 75 వేలు 9 శాతం వడ్డీకి తెచ్చారు. కొట్టు మీద ఏడాదికి 5,350 మిగిలింది, వడ్డీ 6,750 కట్టాలి. ఏటా 1,400 ఇంట్లోంచి వెయ్యాలి. కొత్త రేవులకు మొదటి ఏళ్ళు ఇలాగే గడవడం లోకమంతటా ఉన్నదే. సరుకు పెరిగేదాకా యజమాని భరించగలగాలి. ఇక్కడ యజమాని ప్రభుత్వం, అంటే మీరూ నేనూ కట్టే పన్ను. అందుకే భావనపాడు, మూలపేట, నౌపడ జనానికి పోర్టు వల్ల ఎన్ని ఉద్యోగాలు అన్న ప్రశ్నతో పాటు, ఏడాదికి ఎన్ని టన్నులు, అప్పు ఎంత, వడ్డీ ఎంత అని అడిగే హక్కు కూడా ఉంది. భూములిచ్చిన ఊళ్ళవాళ్ళు ఈ మూడంకెలూ అడగడం మొదలుపెడితే నాకు చాలా సంతోషం.

అంకెల్ని నమ్మొచ్చా అన్నది తెలుగువాళ్ళకు తప్పకుండా రావాల్సిన సందేహం. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నాయని రాసి ఉండేది. 2009 జనవరి 7న, అందులో 5,040 కోట్లు అసలు లేవని ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. పాస్‌బుక్కులో వంద రూపాయలున్నాయని చెప్పిన చోట ఉన్నవి ఆరు. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజులో 40కి పడింది. ఇంటిల్లిపాదీ దాచుకున్న డబ్బును ఒకే పేరు మీద పెట్టినవాళ్ళు ఆ సాయంత్రం ఎలా ఉండి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పుస్తకం మోసమని ముందే కనిపెట్టడం చదువుకున్న ఆడిటర్లకే చేతకాలేదు. మన చేతిలో ఉన్నది ఒకటే, ఒక్క కంపెనీలోనే అంతా పెట్టకపోవడం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లా ఉద్దానం ప్రాంతం మీద పడ్డప్పుడు, కొబ్బరీ జీడీ తప్ప వేరే ఆధారం లేని ఇళ్ళు ఏళ్ళ తరబడి లేవలేకపోయాయి. ఒక కొడుకు ఊరు దాటి పని చేసుకుంటున్న ఇళ్ళు కాస్త నిలబడ్డాయి. ఇరవై ముప్పై కంపెనీల్లో కొంచెం కొంచెం పెట్టడమూ అలాంటిదే. అన్ని కంపెనీలు మనమే ఏరుకోలేం కాబట్టి మ్యూచువల్ ఫండు, అంటే అందరి డబ్బూ కలిపి ఎన్నో కంపెనీల్లో పెట్టే ఉమ్మడి సంచి, కొత్తవాళ్ళకు నయం.

షేర్లు వేరు, డిపాజిట్ల పథకాలు వేరు అన్నది కూడా మన జిల్లాల్లో గట్టిగా చెప్పాల్సిన మాట. అగ్రిగోల్డ్ సంస్థ దాదాపు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్లు వసూలు చేసింది. తలా ఇరవై వేలు. అది షేర్ మార్కెట్ కాదు. ఇంత కడితే ఇంతకాలానికి ఇంత వస్తుందని ఏజెంట్లు ఇచ్చిన మాట. నిజమైన షేరు అమ్మేవాడు ఎప్పుడూ ఇంత వస్తుందని మాటివ్వడు, ఇవ్వకూడదని సెబీ నియమం కూడా ఉంది. సెబీ అంటే షేర్ బజారును అదుపు చేసే కేంద్ర సంస్థ. ఖాయంగా నెలకు 5 శాతం అనే మాట వినపడితే అది షేరు కాదని తెలుసుకోవచ్చు.

ఫోన్లలో ఎఫ్ అండ్ ఓ ఆడుతున్న కుర్రాళ్ళకు ఒక అంకె. అది షేరు కొనడం కాదు, ధర పెరుగుతుందా తగ్గుతుందా అని గడువు పెట్టి కట్టే ఒప్పందం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళు అలా ఆడిన కోటిమందికి పైగా సామాన్యుల లెక్క సెబీ తీసింది. 100 మందిలో 93 మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి పోయింది దాదాపు 2 లక్షలు. మన లెక్కలోని 8 లక్షల తెప్పలో పావు వంతు. దయచేసి ఆ వైపు పోకండి.

మన జిల్లా షేర్లు అసలు లేవా అంటే ఉన్నాయి. ఎచ్చెర్ల మండలం అరిణాం అక్కివలసలో పురుగుమందుల ఫ్యాక్టరీ ఉన్న ఎన్‌.ఎ.సి.ఎల్. ఇండస్ట్రీస్ లిస్టెడ్ కంపెనీ. 2025 మార్చిలో దాని పెద్ద వాటాదార్ల నుంచి 53 శాతం వాటా కొంటున్నట్టు కోరమాండల్ ఇంటర్నేషనల్ ప్రకటించింది. షేరుకు 76 రూపాయల 70 పైసలు, సుమారు 820 కోట్లు. ఇక్కడ చిన్నవాళ్ళ కోసం ఒక రక్షణ ఉంది. కంపెనీ పగ్గాలు చేతులు మారితే, కొత్త యజమాని మిగతా షేరుదారుల నుంచి కూడా కనీసం మరో 26 శాతం కొనడానికి ముందుకు రావాలి. దీన్ని ఓపెన్ ఆఫర్ అంటారు. నచ్చితే అమ్మొచ్చు, లేదంటే ఉంచుకోవచ్చు. నాలుగు షేర్లున్న అక్కివలస రైతుకూ అదే ధర, అదే హక్కు.

మొదలుపెట్టాలంటే పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, డీమ్యాట్ ఖాతా, బ్రోకరు దగ్గర ట్రేడింగ్ ఖాతా ఉంటే చాలు. డీమ్యాట్ అంటే షేర్ల పాస్‌బుక్కు. కాగితం షేర్లు పోయి ఇప్పుడు అన్నీ అందులోనే జమవుతాయి. ఈరోజు కొంటే మరుసటి పనిదినానికి ఖాతాలో పడతాయి. చిన్న మదుపరుల కోసం బేసిక్ డీమ్యాట్ ఖాతా అని ఉంది, అందులో 4 లక్షల విలువ దాకా ఏడాది రుసుము లేదు. మీ ఖాతా అదేనా కాదా అడిగి చూసుకోండి. ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటాక అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన లాభంలో 1,25,000 దాకా పన్ను లేదు, ఆ పైదానికి 12.5 శాతం. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ, మీ బ్రోకరుకు కూడా, చెప్పకండి.

ఖాతా తెరిచిన రోజే నామినీ పేరు రాయించండి. వేటకు వెళ్ళే ఇళ్ళవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఏడేళ్ళపాటు ఎవరూ తీసుకోని డివిడెండూ, దానితో పాటు ఆ షేర్లూ కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ వారసత్వ పత్రాలతో చాలా తిరగాలి. మీ డీమ్యాట్ నంబరు ఒక కాగితం మీద రాసి, రేషన్ కార్డు ఉన్న పెట్టెలోనే పెట్టి, ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పండి.